అగ్గిపెట్టెలో జీరంగి

మిరపతోట ముడత పడి ఎండిపోతున్న ఆ వానాకాలం, భజనలో నేను అడిగింది ఒక్కటే: "స్వామీ, తోటను తింటున్నదేదో చూపించు." మర్నాడు పొద్దున గట్టు పక్క మొక్క మీద ఆకుపచ్చ బంగారంలా మెరుస్తూ ఒక పురుగు కనిపించింది. కొత్తపట్నంలో సముద్రం పక్కన పెరిగినదాన్ని, అలాంటిది ఎన్నడూ చూడలేదు. స్వామి చూపించాడనే అనుకున్నాను. మిరపాకు వేసి అగ్గిపెట్టెలో పెట్టి, మరుసటి రోజు వ్యవసాయాధికారి దగ్గరికి పట్టుకెళ్లాను.

"దీనికి మందు రాయండి బాబూ."

ఆయన నవ్వాడు. "ఇది జీరంగి అండీ. పిల్లపురుగుగా నేలలో వేర్లు తింటూ పెరుగుతుంది. వానలకు పైకొచ్చి, తుమ్మాకు తిని, గుడ్లు పెట్టి కొద్ది వారాల్లో పోతుంది. మీ మిరపాకు చూడండి, కొరకనే లేదు."

నాతో తోటకొచ్చి, ఒక పువ్వును తెల్లకాగితం మీద దులిపాడు. నలుసుల్లాంటి నల్లపురుగులు పాకాయి. "మీ దొంగలు ఇవండీ. ఏ మందుకీ లొంగడం లేదు."

జీరంగిని గట్టు మీది తుమ్మచెట్టు మీద వదిలాను. అన్ని జీవుల్లోనూ ఉన్నది స్వామే అని సత్సంగంలో ఎన్నోసార్లు చదివినదాన్నే. అయినా ఆ చెట్టు కిందే కూలబడి ఏడ్చాను. "దొంగ ఇదే అయి ఉండకూడదా స్వామీ? దీన్నైతే చేత్తో పట్టుకోగలిగాను కదా!"