మంచులో మాయమైన పోలీసు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, కోచింగ్ సెంటర్ పై అంతస్తులో బాల్‌రాజ్ ఆఫీసు ఉంది. పాత సినిమాలను శుభ్రం చేసి, జనం ఇంట్లో పెట్టుకుని చూసే డిస్కుల కోసం తయారుచేయడం అక్కడి పని. సినిమాలు ఎక్కువగా విదేశాలవి. అక్కడి కంపెనీల వాళ్లు ఫిల్మును స్కాన్ చేసి పంపుతారు. ఇక్కడ పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని గీతలూ మచ్చలూ దుమ్మూ తుడుస్తారు. తుడిచింది బాగుందో లేదో తేల్చే మనిషి మాత్రం ఒక్కతే. ఆమె అరుణజ్యోతి.

యాభై దాటిన మనిషి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఎల్‌బీనగర్‌లో కిరాయి ఇల్లు. భర్త ఇశ్రాయేలు కర్మన్‌ఘాట్‌లో ఒక ఫంక్షన్ హాలుకు కరెంటు పనులు చూస్తాడు. ఆమె మొదట ఫిల్ములు కడిగే ల్యాబులో పనిచేసింది. అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఇంటికి పోయాక టీవీ వైపు చూడదు. తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని పడుకుంటుంది. భర్త సీరియల్ కథ చెబుతుంటే ఊ కొడుతుంది.

ఆ నెల లండన్ నుంచి ఒక నలుపు తెలుపు నేరకథ వచ్చింది. నగల దుకాణంలో గుమాస్తా యజమానిని చంపి పారిపోతాడు. చివర్లో పొగమంచు కమ్మిన వంతెన మీద నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తాడు. దూరంగా మంచులో ఒక పోలీసు నిలబడి ఉంటాడు, బూడిదరంగు నీడలాగా. గుమాస్తా నదిలోకి దూకేస్తాడు. కథ అయిపోతుంది.

ఆ వంతెన సీను దగ్గర అరుణజ్యోతి ఆపింది.

"సింధూరా, గీ మంచుల ఎంటిక ఉన్నది చూడు. కెమెరాల ఇరుక్కున్నట్టుంది. సీను మొత్తం ఆడుతున్నది."

సింధూర విజయవాడ పిల్ల. ఆ సీను తుడిచింది ఆమే. ఒక్కొక్క ఫ్రేమూ తిప్పి చూసింది. "ఎక్కడక్కా? నాకేం కనపడట్లేదే."

"సరిగ్గ చూడు పిల్లా. ఎడమ దిక్కు."

మళ్లీ చూసింది. కనపడలేదు. అక్క ఉందంటే ఉన్నట్టే అని సాఫ్ట్‌వేర్ జోరు పెంచి ఆ సీనంతా తుడిచింది. అరుణజ్యోతికి వెంట్రుక ఇంకా ఆడుతూనే కనిపించింది. ఇంకోసారి తుడిపించింది. ఆ రోజు ఆమె మెడ పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. మూడోసారి చూసినప్పుడు వెంట్రుక కాస్త పలచబడినట్టు అనిపించింది. ఓకే అని పంపేసింది.

తర్వాతి వారం లండన్ వాళ్లు తిప్పి పంపారు. బాల్‌రాజ్ ఇద్దరినీ పిలిచాడు. బాల్‌రాజ్ తాతలవి ఆ చుట్టుపక్కల పొలాలే. ఇప్పుడు బిల్డింగు ఆయనది, ఆఫీసూ ఆయనదే. ఇస్త్రీ నలగని తెల్ల అంగీ వేస్తాడు.

"పోలీసోడు ఏడ బోయిండు?" అన్నాడు సింధూరతో. "గా హీరో ఎవర్ని జూసి దుంకిండు? వాళ్లకు నేనేం జెప్పాలె? మా సింధూర పోలీసోన్ని ట్రాన్స్‌ఫర్ చేసిందని చెప్పాల్నా?"

తెర మీద సీను నడుస్తోంది. మంచు సున్నం కొట్టిన గోడలా ఉంది. పోలీసు లేడు. మచ్చ అనుకుని సాఫ్ట్‌వేర్ తుడిచేసింది.

"అక్క వెంట్రుక ఉందన్నారు సార్. నాకు కనపడలేదు. అందుకే గట్టిగా తుడిచాను."

"అక్క ఇన్నేండ్లల ఒక్కటి తప్పు జెప్పలే. నీకు కనబడకపోతే నీ కండ్లు చూపిచ్చుకో. రేపటిసంది రాకు."

అరుణజ్యోతి అప్పటికే పక్క కంప్యూటర్‌లో అసలు స్కాన్ తెరిచింది. పోలీసు ఉన్నాడు. వెంట్రుకా ఉంది. బొమ్మను ఆపింది. బొమ్మ ఆగింది. వెంట్రుక ఆగలేదు, మెల్లగా కిందికి జారింది. తల తిప్పి గోడ వైపు చూసింది. గోడ మీదా ఉంది.

సింధూర సంచి సర్దుకుంటోంది.

"సార్, ఎంటిక ఫిల్ముల లేదు. నా కంట్ల ఉంది."

"కంట్ల వడ్డదా? జర నీళ్లు కొట్టుకోరాదు."

"గట్ల గాదు. గోడ మీద గూడ కనబడుతుంది. మీ అంగీ మీద గూడ. పిల్ల తప్పేం లేదు. నేను తుడిపిచ్చిన. ఎంటిక కోసమే చూసుకుంట కూసున్న, పోలీసు పోయింది నేనే చూస్కోలే."

బాల్‌రాజ్ తన అంగీ వైపు చూసుకున్నాడు. కూర్చున్నాడు.

"ఎప్పటిసంది?"

"ఎండకాలంసంది కావచ్చు. అలసట అనుకున్న."

"మరి ఎండకాలంసంది నువ్వు ఓకే జేసిన సినిమాలు?"

ఆమె తెరిచిన స్కాన్ మూసేసింది. ఆయన ఆ మాట వదిలేసి సింధూరను కూర్చోమన్నాడు.

కంటి దవాఖానలో డాక్టరమ్మ, కంటి లోపల తేలే ఇలాంటి పోగులు వయసుతో కొందరికి వస్తాయనీ, అంత తేలిగ్గా పోవనీ, అలవాటు పడాలనీ చెప్పింది. ఇశ్రాయేలు బయట బెంచీ మీద నిద్రపోతున్నాడు. లేపి, "ఏం లేదంట" అని చెప్పింది.

బాల్‌రాజ్ ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. "చెవులన్న మంచిగున్నయా?" అని అడిగాడు. సౌండు వినే పనిలో పెట్టాడు. ఆ పని కొత్తవాళ్లకు ఇచ్చేది. జీతమూ దానికి తగ్గట్టే. ఆమె కుర్చీలో ఇప్పుడు సింధూర కూర్చుంటుంది.

వంతెన సీను మళ్లీ మొదటినుంచి చేశారు. తుడిచేటప్పుడు సౌండు ఎవరూ పెట్టుకోరు, పని నెమ్మదిస్తుందని. అరుణజ్యోతి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. గుమాస్తా బూట్ల చప్పుడు ఆగింది. వెనకాల ఇంకో జత బూట్లు, పోలీసువి, ఇంకో నాలుగడుగులు వేసి ఆగాయి. మొదట పంపినప్పుడూ, తెర మీద పోలీసు లేకపోయినా, ఈ చప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది.

"అక్కా," సింధూర భుజం తట్టింది. "పోలీసు కొంచెం పలచగా ఉన్నాడు. స్కాన్‌లో కూడా అలాగే ఉన్నాడా? మీకేమనిపిస్తోంది?"

అరుణజ్యోతి తెర వైపు చూసింది. మంచులో ఆమె వెంట్రుక ఆడుతోంది.

"నన్ను అడగకు పిల్లా. నువ్వే చూడాలె."

సింధూర అసలు స్కాన్ పక్కన తెరిచి పెట్టుకుంది. ఓకే నొక్కలేదు. సీను వెనక్కి తిప్పింది.