పట్టుపురుగుల ఇంట్లో గిటారు

పురుషోత్తమ్ గురించి ఎవరడిగినా నేను ముందు ఒక మాట చెబుతాను. వాడి వేళ్లలో దోషం లేదు. పన్నెండేళ్లుగా వాడి పక్కన నిలబడి కీబోర్డు వాయిస్తున్నాను, ఒక్కనాడు శ్రుతి తప్పి ఎరగడు. చెవులు కూడా మంచివే. ఇక మిగిలింది బుర్ర. ఈ గోలంతా దాని గురించే.

మాది బాగేపల్లిలో ఒక ఆర్కెస్ట్రా. జాతరలకు, పెళ్లిళ్లకు, వినాయకుడి పందిళ్లకు రసమంజరి కార్యక్రమాలు, అంటే సినిమా పాటల కచేరీలు, ఇస్తాం. ఒక తెలుగు పాట, ఒక కన్నడ పాట, మళ్లీ తెలుగు. పాడేది మునిశామప్ప, ట్రూపు కూడా ఆయనదే. నా పేరు లోకేశ్, కార్యక్రమం ఉన్న రోజు చింతామణి నుంచి బస్సులో వచ్చి పోతుంటాను. గిటారు వాయించే పురుషోత్తమ్‌ది పరగోడు. వాళ్లకు రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం ఉన్నాయి. పురుగుల ఇంటికి యజమాని వాడి భార్య హేమావతి. వాడు తోటకు నీళ్లు పెడతాడు, ఆకు కోస్తాడు, మిగతా పొద్దంతా గిటారు పట్టుకుని కూర్చుంటాడు.

రెండేళ్ల కిందటి దాకా వాడి దగ్గర ఒక పాత ఆంప్లిఫయర్ ఉండేది. బియ్యం మూటంత బరువు, మోయలేక చచ్చేవాళ్లం. కానీ దాని గొంతు బాగుండేది. ఒక వారం వాడు ఏదో కొత్త పాట పట్టుకుని ఇంట్లో దాని వాల్యూమ్ పూర్తిగా తిప్పి మోగించాడు. సరిగ్గా ఆ వారమే పురుగులు మేత మానేశాయి. అప్పటికి అవి నాలుగో జ్వరం దాటాయి. పురుగు పొర విడవడాన్ని మేము జ్వరం అంటాం. నాలుగోది దాటిందంటే వేసిన ఆకు వేసినట్టు మేయాలి. అవేమో ఆకు మీద తల వాల్చేసి, కక్కి, నల్లబడి చచ్చాయి. తట్టలకు తట్టలు గుంట తీసి పూడ్చారు. హేమావతి ఏడవలేదు. నేరుగా వచ్చి ఆంప్లిఫయర్ వైరు పీకి చేతికిచ్చింది.

"నీ మోతకే పురుగు మేయలే. ఇంగ ఈ ఇంట్లో సద్దు చేసినావంటే నేనుండను, చూడు."

పురుగుల ఇంట్లోకి సెంటు పూసుకున్నవాళ్లను రానివ్వరు, బీడీ తాగినవాళ్లను రానివ్వరు. ఆ రోజు నుంచి ఆ జాబితాలో శబ్దం కూడా చేరింది. ఆఖరికి మిక్సీని కూడా వెనక పశువుల కొట్టంలోకి మార్చేశారు. ఆ ఇంట్లో చట్నీ తినాలంటే ఎద్దుల మధ్య నిలబడి రుబ్బుకోవాలి.

వాడు ఆంప్లిఫయర్ అమ్మేసి ప్రాసెసర్ కొన్నాడు. కాళ్ల దగ్గర పెట్టుకుని మీటలు తొక్కే పెట్టె అది. లోకంలో ఉన్న రకరకాల ఆంప్లిఫయర్ల గొంతులన్నీ అందులో లెక్కలు కట్టి పెట్టి ఉంటాయట. మనకు కావలసినట్టు ఒక గొంతు అమర్చుకుని, పేరు పెట్టి దాచుకుంటే దాన్ని ప్యాచ్ అంటారు. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే బయటికి చీమంత చప్పుడు కూడా రాదు. పురుగు హాయిగా మేస్తుంది, మొగుడు హాయిగా వాయించుకుంటాడు.

ఒకరోజు ఆ హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు ఒళ్లు జలదరించింది. కింద బరువుగా, పైన మెరుస్తూ, పెద్ద హాలులో ఒక్కడే నిలబడి వాయిస్తున్నట్టుంది. "అద్భుతంరా" అన్నాను. ఆ ఒక్క మాట అని ఉండకపోతే నాకు ఇంత తలనొప్పి ఉండేది కాదు.

ఆ అద్భుతం మొదటిసారి గూళూరులో ఒక పెళ్లి రిసెప్షన్‌లో బయటికి వచ్చింది. వచ్చింది అనడం కూడా ఎక్కువే. వాడు కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు, స్పీకర్లోంచి దోమ వస్తోంది. జుయ్ మని ఒకటే జుయ్. కింది బరువు లేదు, మధ్యలో ఏమీ లేదు, పైన ఒక గీకుడు మాత్రం ఉంది. మునిశామప్ప పాట ఆపకుండానే వెనక్కి తిరిగి చూశాడు. వంట దగ్గరివాళ్లు కూడా ఏదో తెగిందనుకుని తొంగి చూశారు.

సరే, మొదటిసారి కదా అనుకున్నాం. వాడు ఇంటికి పోయి వారం రోజులు ఆ ప్యాచ్ సరిచేశాడు. దేంట్లో సరిచేశాడు? హెడ్‌ఫోన్లలో! తర్వాతి కార్యక్రమంలో దోమ ఇంకా లావైంది. మళ్లీ పోయి మళ్లీ హెడ్‌ఫోన్లు. ఫోన్లో వీడియోలు చూసి గొంతులు కొన్నాడు, దించుకున్నాడు, కలిపాడు. నాకు పొద్దున్నే ఫోను చేసి "లోకేశా, ఈసారి దొరికింది" అనేవాడు. పదకొండుసార్లు దొరికింది. పదకొండుసార్లూ దోమే.

ఉగాది ముందు మునిశామప్ప మా ఇద్దరినీ బస్టాండ్ పక్కన టీ కొట్టు దగ్గరికి పిలిచాడు. ఆయన అరిచే మనిషి కాదు, అందుకే భయం వేసింది.

"పురుషోత్తమా, జనం నవ్వుతాండారు. పరగోడు పక్కూర్లో జాతర ఉండాది గదా, అదే ఆఖరు. అప్పటికీ ఇట్లే ఉంటే గిటార్ పార్టు లోకేశప్ప కీబోర్డులో వాయిస్తాడు. నీకి చెప్పకుండా చేసేదాని కన్నా చెప్పి చేసేది మేలు."

పురుషోత్తమ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు, తాగలేదు. ట్రూపు పోతే వాడికి మిగిలేది మల్బరీ తోట, నీళ్ల మోటారు. తోట తక్కువని కాదు. కానీ ఆ మనిషి గిటారు లేకుండా ఎట్లా ఉంటాడో నాకు తెలియదు, వాడికీ తెలియదు. ఇక నా సంగతి ఎవరూ అడగలేదు. నాకున్నవి రెండు చేతులు. ఫ్లూటు, వయొలిన్, షెహనాయి ఇప్పటికే వాటితోనే నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు స్నేహితుడి చోటు లాక్కుని అది కూడా వాయించాలా?

కోపంతోనే వాడి బండి మీదే వాణ్ని వెనక ఎక్కించుకుని పాపన్న షెడ్డుకు తీసుకుపోయాను. మా కార్యక్రమాలన్నిటికీ మైక్ సెట్ పాపన్నదే. ఆయన మిక్సర్‌కు కుంకుమ బొట్టు, పక్కన నిమ్మకాయ. కీచు పెంచే ట్రెబుల్ నాబ్‌ను చివరి దాకా తిప్పి, కదలకుండా ఎంసీల్ పూసేశాడు. ఎకో నాబ్‌కు కూడా పూసేశాడు. స్పీకర్లు పెద్ద ఇనుప హారన్లు. వాటిని జనం వైపు పెట్టడు, ఊరి బయటికి, పొలాల వైపు తిప్పి కడతాడు.

"అప్పా, ఈ ఎంసీల్ తీసేయప్పా," అని పురుషోత్తమ్ బతిమాలాడు.

"తీసేదానికి గాదు పూసింది. మా ఊరి జాతర పక్కూరికి వినపడాల. వినపడకపోతే వచ్చే ఏడు నన్నెవరు పిలుస్తారు? నీ గిటారు కోసరం నా మైక్ సెట్ మార్చుకోవాల్నా?"

అప్పుడు నాకు బుర్రలో వెలిగింది. వెలగడానికి రెండేళ్లు పట్టినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. వీడు గొంతు తయారుచేసేది చెవికి అంటుకున్న మెత్తటి హెడ్‌ఫోన్లో, అది బయటికి వచ్చేది ఇనుప హారన్లో. ఆ హారన్‌లో కింది బరువు పలకదు. పైన మెరుపుంటే గీకుతుంది. అది పలికేది మధ్య స్వరమొక్కటే, మా వాడు అందంగా ఉండదని తీసేసింది కూడా దాన్నే.

"ప్రాసెసర్‌ను హారన్‌కే తగిలించు. నేను పొలంలోకి పోతా. ఫోన్లో చెబుతా, నువ్వు తిప్పు," అన్నాను.

పాపన్న ఒక హారన్ షెడ్డు మీదికి ఎక్కించాడు. నేను వేరుశనగ చేలు దాటి అర కిలోమీటరు నడిచి ఎండలో నిలబడ్డాను. ట్రెబుల్ తగ్గించు. ఇంకా తగ్గించు. మధ్యది పెంచు. ఎకో పాపన్నే ఇస్తున్నాడు, నీది మొత్తం తీసెయ్యి. ఆ గీకుడు సగానికి దించు. ప్రతిదానికీ వాడు ఫోన్లో నాతో తగాదా.

"రేయ్, హెడ్‌ఫోన్లో పెట్టి వింటే ఇది గిటార్ మాదిరి లేదురా! ముక్కు మూసుకోని పాడినట్ల ఉండాది."

"హెడ్‌ఫోన్లు తీసి పారేయ్‌రా మహానుభావా! జాతరలో జనాలకంతా హెడ్‌ఫోన్లు పంచుతావా?"

రెండు గంటల తర్వాత ఆ చేల మీదుగా గిటారు వచ్చింది. నిండుగా, స్పష్టంగా, ప్రతి తీగా విడివిడిగా. నేను గట్టు మీద కూలబడిపోయాను. తిరిగి వచ్చేసరికి వాడు ముఖం మాడ్చుకుని ఆ ప్యాచ్ దాచాడు. ఏం పేరు పెట్టావురా అంటే చూపించాడు. 'దరిద్రం'.

జాతర రోజు సాయంత్రం, ఎండ ఇంకా తగ్గకముందే మొదలుపెట్టాం. మొదటి పాట ఎత్తుకోగానే హారన్లోంచి వచ్చిందేమిటి? దోమ! వాడు మళ్లీ ఆ మెరుపుల ప్యాచే తొక్కాడు. ఇన్ని మాటలు విని, అంత ఎండలో నన్ను నిలబెట్టి, ఆఖరి అవకాశం నాడు కూడా! మునిశామప్ప చరణం ముగించి, మైకు పక్కకు పెట్టి, నా వైపు చేయి చూపాడు. గిటారు పార్టు వాయించమని.

నేను రెండు చేతులూ కీబోర్డు మీది నుంచి తీసి వెనక్కి కట్టుకున్నాను. పన్నెండేళ్లలో నేను చేసిన అవిధేయత అదొక్కటే.

"దరిద్రం తొక్కరా!" అని అరిచాను. ముందు వరసలో వాళ్లు ఎవరినో తిడుతున్నాననుకున్నారు.

వాడు తొక్కాడు.

జాతర జనంలోంచి ఈలలు వచ్చాయి. వాళ్ల సంగతి సరే, డోలు వాయించేవాడు కూడా తల తిప్పి చూశాడు. మునిశామప్ప మళ్లీ మైకు తీసుకుని, పల్లవికి పోకుండా, ఇంకోసారి వాయించమని గిటారుకే దారి ఇచ్చాడు. ఆ నిమిషంలో వాడి చోటు వాడికి తిరిగొచ్చింది. ఒక్క మనిషికే అది తెలియలేదు, పురుషోత్తమ్‌కు. హారన్లు అటు తిరిగి ఉన్నాయి కదా, మేమంతా పక్కకు ఉన్నాం, సరిగ్గా వాటి వెనక నిలబడ్డ వాడికి మాత్రం తన గిటారు తనకే సరిగా వినపడదు. దిగులుగా వాయిస్తూనే ఉన్నాడు.

పెద్దలకు శాలువాలు కప్పే విరామంలో వాడి ఫోను మోగింది. హేమావతి. ఆ గోలలో వినపడక స్పీకర్ ఆన్ చేశాడు.

"నువ్వేనా వాయించింది? ఇంటి దాకా వచ్చాండాది."

వాడు గిటారు తీగల మీద చేయి అడ్డం పెట్టేశాడు. ఆ రోజు వాళ్లింట్లో మళ్లీ నాలుగో జ్వరం దాటిన పురుగు ఉంది. "హేమా, నేనేం చేసేది, హారన్లు మనూరి పక్కకే తిప్పినారు. పురుగు..."

"పురుగుకేమైంది, మేస్తానే ఉండాది. తల గూడా ఎత్తలే." తర్వాత గొంతు తగ్గించింది. "ఇదో, చెప్తే కోపం చేసుకోవద్దు. ఆ పొద్దు పంట పోయింది నీ మోతకు గాదు. వాన వచ్చి ఆకు తడిసింటే, ఆరబెట్టకుండానే నేను వేసేసింటి. నాకి అప్పుడే తెలుసు. చెప్పేదానికి నోరు రాలే."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. రెండేళ్లు! ఒక తడి ఆకు కోసం అమ్ముడుపోయిన ఆంప్లిఫయర్, ఎద్దుల మధ్య చట్నీ, పదకొండు దోమలు, నా ఎండదెబ్బ. వాడు ఇప్పుడు ఏమంటాడో, ఎంత అరుస్తాడో అని చూస్తున్నాను. వాడికి అరిచే హక్కు ఉంది, ఆపేవాణ్ని కూడా కాను.

వాడు ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అది ఉండనీ. నాకి ఈడ వినపడదు, నువ్వు చెప్పు. టోన్ ఎట్లుండాది?"

నేను తల పట్టుకున్నాను.

"నువ్వు అమ్మిన ఆ పాత పెట్టె మాదిరే ఉండాది," అంది హేమావతి. ఆమె ఏడుస్తున్నట్టుంది. "రేపటి నుంచి ఇంట్లోనే వాయించు. బయటికి వినపడేట్ల."