కోచ్‌ల మీద కక్ష కట్టిన రెఫరీ

మా వెంకట్రాజం సారుకు బాస్కెట్‌బాల్ కోచ్‌లంటే పడదు. ఆయన రెఫరీగా దిగితే ఆటగాళ్లు హాయిగా ఆడుకునేవారు. బెంచీ మీది కోచ్‌లే బిక్కుబిక్కుమంటూ కూర్చునేవారు. ఆయన విజిల్ ఊది, రెండు చేతులతో 'టీ' ఆకారం చూపించాడంటే కోచ్‌కు టెక్నికల్ ఫౌల్, ఎదుటి జట్టుకు ఫ్రీ త్రో.

ఎం.ఏ. తెలుగు చదువుతున్న నన్ను, చేతిరాత బాగుందని స్కోరు షీటు రాయడానికి కూర్చోబెట్టారు. ఎవరితోనూ మాట్లాడే పని లేదంటే ఒప్పుకున్నాను. తీరా చూస్తే ఆయన ఫౌళ్లు రాయడానికే నా సిరా అయిపోయేది. మరిపెడ కోచ్ ఒకాయన, "కండ్లు కనిపిస్తలేవా సార్?" అని మొహం మీదే అడిగితే సారు చెమట తుడుచుకుని వెళ్లిపోయాడు. అదే కోచ్ తన ఆటగాడిని చూసి పళ్లు కొరికితే ఫౌల్.

"నేనేమన్న సార్?"

"అనబోతున్నవు."

ఇదేం న్యాయమండీ?

1982లో, హనుమకొండలో జిల్లా మహిళల ఫైనల్. గెలిస్తే మా జట్టు హైదరాబాదు పోటీలకు వెళ్తుంది. రెండు నిముషాల ఆట ఉంది, ఒక్క పాయింటు ముందున్నాం. హసన్‌పర్తి నుంచి వచ్చే మా జట్టమ్మాయి సమ్మమ్మ చేతిలోని బంతిని జారవిడిచింది. మా కోచ్ రాజేశ్వర్ రావు లేచి, "బర్లు కాసుకోపో," అని అరిచాడు. వెంటనే విజిల్. ఆయనకది రెండో ఫౌల్. మూడోది పడితే బయటికే. ఎదుటివాళ్ల ఫ్రీ త్రో పడింది. స్కోరు సమం.

నాకు ఒళ్లు మండిపోయింది. పెన్ను కింద పెట్టి, అంతమందిలో మొదటిసారి నోరు తెరిచాను. "నేను రాయను సార్. మిమ్మల్ని తిడితే ఊరుకుంటారు. ఈ మాటకు మా హైదరాబాదు పోగొడతారా?"

ఆయన టేబుల్ మీదికి వంగాడు. "నన్నంటే నా దగ్గర విజిలున్నది బిడ్డా. ఆ పోరి దగ్గర ఏమున్నది?"

సమ్మమ్మ బనీను అంచుతో కళ్లు తుడుచుకుంటోంది. అప్పటిదాకా నేను ఆమెను చూడనేలేదు. ఫౌల్ రాశాను.

ఆట మళ్లీ మొదలైంది. రాజేశ్వర్ రావు ఉడికిపోతూ చేతులు జోడించాడు. "సమ్మమ్మ గారూ, తమరికి తీరికుంటే జర బంతి అందుకోండ్రి."

సమ్మమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే బంతి అందుకుంది, నవ్వుతూనే వేసింది. పడింది. రెండు పాయింట్లు.

మేం చప్పట్లు కొట్టేలోపే విజిల్ మోగింది. మళ్లీ 'టీ'.

"ఎక్కిరిస్తాండు," అన్నాడు సారు నాతో, రాసుకోమన్నట్టు.

ఆ ఫ్రీ త్రో కూడా పడింది. అయినా ఒక్క పాయింటుతో గెలిచాం. ఆ సంగతి మా కోచ్‌కు గేటు బయటికి వెళ్లి చెప్పి రావాల్సి వచ్చింది.