ఫాల్ అంటే ఏందో చెప్పబోయి

టీ తాగతా వినండి, చల్లారబెట్టుకోవద్దు. మొన్న గురువారం మా పిల్ల స్కూల్లో, హెడ్ మేడమ్ గారి రూములో, నేల మీద గొంతుక్కూర్చోని, మేడమ్ చీర అంచు రెండు చేతులతో పట్టుకోని, అట్టనే ఉండిపోయినాను. లేవలేకపోయినాను. మోకాళ్ళ నొప్పులు గాదు మే, నవ్వబాకండి. సిగ్గు! ఏడో తరగతి పిల్ల రెండంటే రెండు మాటలంటే లేవలేకపోయినాను.

మీరే గదా ఎప్పుడూ అంటారు, 'షమీమక్క కుట్టిన జాకెట్టు కంటే షమీమక్క మాట ఇంకా బాగుంటది' అని. ఆ మాట ఇంక అనొద్దు. ఈ బిట్రగుంటలో నా చేతికి ఎంత పేరుందో నోటికి అంతకు రెండింతలు ఉందని మురిసిపోయినాను ఇన్నాళ్ళూ. ఆ మురిపెం మొన్నటితో సరి.

ఏం జరిగిందంటే, గురువారం మధ్యాన్నం పెళ్ళి జాకెట్టు ఒకటి మిషన్ మీద ఉంది. సాయంత్రానికి ఇవ్వాల. అంతలో మా నస్రీన్ స్కూలు నించి ఏడ్చుకుంటా వచ్చింది. అన్నాలు తినే టైము అది. చెంప మీద ఇంత పొడుగు గీత, ఎర్రగా.

"ఏందే ఇది?"

"మౌనిక కొట్టిందమ్మీ! క్యారేజీ మూత ఇసిరి కొట్టింది! నేనేం జేయలేదు!"

అడగకముందే 'నేనేం జేయలేదు' అని పిల్లకాయలు అన్నారంటే, ఆడ ఒక్క నిమిషం ఆగాల. ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకు తెలియని సంగతా? కానీ ఆ గీత చూసినాక నా బుర్ర పని చేయలేదు. మిషన్ మీద నించి కాలు తీసినాను, చెప్పులేసుకున్నాను, పిల్ల చెయ్యి పట్టుకోని బయల్దేరినాను. మెడలో టేపు అట్టనే వేలాడతా ఉంది. దుపట్టాకు గుచ్చిన సూది, దాంట్లో ఎర్ర దారం, అన్నీ అట్టనే.

గేటు కాడ వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, "ఏందక్కా, యూనిఫాం కొలతలకా?" అన్నాడు.

"కొలతలు గాదన్నా, ఈ రోజు కత్తిరింపే!" అన్నాను. డైలాగు బాగా పడిందని లోపల సంతోషం కూడా!

ఈ మౌనిక ఎవరో చెప్పాల గదా. ఈ ఏడే చేరింది మా పిల్ల క్లాసులో. విడవలూరు పిల్ల. వాళ్ళ నాయన ఇక్కడ రొయ్యల గుంటల మీద పనికి కుదిరినాడని కాపురం ఇటు మార్చినారు. సన్నగా, గట్టిగా గాలొస్తే పడిపోయేటట్టు ఉంటది. మా నస్రీన్‌కు ముందు నించీ ఇద్దరు జతగత్తెలు, ముగ్గురూ కలిసే తిరుగుతారు. ఈ పిల్ల నాలుగోది. ఎవరూ తెలియని ఊళ్ళో వీళ్ళ వెంట పడి తిరిగేది.

రూములోకి పోతే ఆ పిల్ల గోడకు ఆనుకోని నిలబడి ఉంది. వాళ్ళమ్మ సుజాతను కూడా అప్పటికే పిలిపించినారు. హెడ్ మేడమ్, "కూర్చోమ్మా షమీమ్," అన్నారు నిదానంగా.

"కూర్చోడానికి రాలేదు మేడమ్!" అని మొదలుపెట్టినాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఎన్ని మాటలన్నానో! స్నేహితులంటే ఎట్టుండాలో చెప్పినాను. ఆడపిల్లలు ఒకరికొకరు తోడుండాలన్నాను. "మా ఇంట్లో ఒకరి మనసు నొప్పించే మాట రాదు మేడమ్, నా పిల్లను అట్టా పెంచుకున్నా," అన్నాను. సుజాత మీదికి తిరిగి, "ఏం మే, పిల్లను కంటే సరిపోద్దా? పద్ధతి నేర్పొద్దా?" అన్నాను. ఆ మనిషి తలొంచుకుంది. అయినా నాకు చాల్లేదు. "ఇట్టాంటి పిల్లకు టీసీ ఇచ్చి పంపించేయండి మేడమ్! మిగతా పిల్లకాయలన్నా బాగుపడతారు!" అనేసినాను.

నేను గెలిచినాననుకున్నాను.

అప్పుడు సుజాత, టీసీ కోసం రాసి పెట్టుకున్న కాగితం సంచిలో నించి తీసి, చిన్నగా అనింది, "ఇచ్చేయండి మేడమ్. నెల నించీ ఇది కూడా అదే అడుగుతుండాది. విడవలూరులో అమ్మమ్మ కాడ ఉండి చదువుకుంటానని రోజూ ఏడుపే. అన్నం తినదు. ఎందుకే అంటే చెప్పదు. ఇక్కడే ఉంచాలని మాకు ఆశ. ఏం జేసేది?"

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టినారు. "మౌనికా, నువ్వెప్పుడూ ఎవర్నీ కొట్టలేదు. ఈ రోజు ఎందుకు కొట్టినావు? చెప్పు నాన్నా. టీసీ సంగతి తర్వాత."

ఆ పిల్ల నేల చూస్తా, "నన్ను ఫాల్ అంటారు మేడమ్," అనింది.

"ఫెయిలా? నువ్వు అన్ని సబ్జెక్టులూ పాసయినావు గదా!"

"ఫెయిల్ కాదు మేడమ్. ఫాల్."

"పాలా?" అనింది సుజాత. "పాలంటే దీనికి పడదు మేడమ్, చిన్నప్పటి నించీ తాగదు."

"పాలు కాదమ్మా! ఫాల్!"

మేడమ్‌కు అర్థం కాలేదు. "ఫాల్ అంటే... పడిపోవడమా? ఎక్కడైనా పడినావా?"

ఇదిగో, నా ఖర్మ ఇక్కడే కాలింది. నలుగురున్న చోట ఒక మాట ఎవరికీ తెలియదు, నాకు తెలుసు! నోరు ఊరుకుంటదా? వచ్చిన పని కూడా మరిచిపోయినాను.

"ఆగండి మేడమ్, నేను చెప్తా!" అని ఆమె కుర్చీ కాడికి పోయి గొంతుక్కూర్చోని, ఆమె కట్టుకున్న చీర అంచు తిరగేసినాను. "ఇది నేను కుట్టిందే మేడమ్, పోయిన నెల ఇచ్చినారు, గుర్తుందా? చూడండి, లోపల అంచు వెంబడి పట్టీ మాదిరిగా ఒక గుడ్డ ఉందే, ఇదీ ఫాల్! చీర యాడికి పోతే ఇదీ వెనకాలే పోవాల. పాదాల కాడే ఉంటది. దుమ్మంతా ఇదే తింటది. బయటికి మాత్రం కనపడకూడదు. కనపడిందా, కుట్టినోళ్ళకు పని రానట్టే!"

మేడమ్ పాపం కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంటా ఉన్నారు. నేను వదిలితే గదా! కుట్టు కూడా చూపించినాను. ఎంత సన్నగా పడిందో చూడమన్నాను. చూపించి, తల పైకెత్తి, ఇంకొక్క మాట అన్నాను. "అయినా ఈ కాలం పిల్లకాయలకు ఈ మాట యాడ దొరికింది మేడమ్? ఒక ఆడబిడ్డను పట్టుకోని ఫాల్ అంటారా? వీళ్ళకు నేర్పిన ఆ మహాతల్లి ఎవరో గానీ, దాని నోట్లో మన్ను పడ!"

"మీరే ఆంటీ," అనింది మౌనిక.

కోపంగా అనలేదు. అడిగినారు కాబట్టి చెప్పింది, అంతే.

చీర అంచు నా చేతిలోనే ఉంది. నాకు గుర్తొచ్చింది. జెండా పండక్కి డాన్సు కోసమని మా పిల్లా, జతగత్తెలిద్దరూ పావడాల కొలతలిచ్చేదానికి వచ్చినారు. డాన్సులో లేకపోయినా ఈ పిల్ల కూడా వెంట వచ్చి, తలుపు కాడ నిలబడింది. వాళ్ళు అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు చూస్తా ఉంది. నాకు ఉత్సాహం వచ్చింది. "ఏం మే, మీరు ముగ్గురూ ఈ పిల్లను ఫాల్ మాదిరిగా వేసుకోని తిరుగుతుండారే!" అన్నాను. నా జోకుకు నేనే ముందు నవ్వినాను. పిల్లకాయలు పొట్ట పట్టుకోని నవ్వినారు. 'ఫాల్ అంటే ఏందమ్మీ' అని మా పిల్ల అడిగితే, మేడమ్‌కు ఇప్పుడు చెప్పినట్టే అంతా విడమర్చి చెప్పినాను. దుమ్ము తింటదని కూడా. మౌనిక కూడా నవ్వింది ఆ రోజు. అందరికంటే గట్టిగా నవ్వింది. ఈ పిల్లకు నా జోకు భలే నచ్చిందే అనుకున్నాను.

"నువ్వు కూడా నవ్వినావు గదా బిడ్డా..." అన్నాను. సిగ్గులేకుండా, దాన్ని కూడా సాక్ష్యానికి పిలిచినాను చూడండి.

"నవ్వకపోతే ఇంకా అంటారని నవ్వినా ఆంటీ."

తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చింది. అన్నాల కాడ వీళ్ళు ముగ్గురూ అరుగు మీద కూర్చుంటే దాన్ని కింది మెట్టు మీద కూర్చోబెట్టేవాళ్ళంట, 'ఫాల్ కిందనే ఉండాల' అని. క్లాసు ఫోటో తీసినప్పుడు, 'ఫాల్ బయటికి కనపడకూడదు' అని వెనక్కు నెట్టినారంట. ఫోటోలో ఆ పిల్ల రిబ్బను మాత్రమే కనపడుతుందంట. గురువారం ఏం జరిగిందంటే, మా నస్రీన్ తన చెప్పులకంటిన దుమ్ము చూపించి, 'తింటావా ఫాల్' అనిందంట. అప్పుడు లేచింది క్యారేజీ మూత.

అన్నీ నా మాటలే! ఒక్కటీ పోనీయకుండా నేర్చుకుంది నా కూతురు. ఎక్కాలు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా రావు దానికి.

తలుపు కాడున్న నస్రీన్‌ను పిలిచి, "ఇట్టా చేసినావంట గదే?" అని అరిచినాను. అది నా మొహంలోకి చూసి, "నువ్వంటే జోకు, మేమంటే తప్పా అమ్మీ?" అనింది. హెడ్ మేడమ్ ముందర! దానికి జవాబు మీకన్నా తోస్తే చెప్పండి, నాకైతే ఈ రోజుకీ తోచలేదు.

లేచినాను ఎట్టో. సుజాత చేతులు పట్టుకున్నాను. పిల్ల ముందుకు పోయి, "తప్పయింది బిడ్డా. నీ పేరు నేను పాడు చేసినా, మీ అమ్మను కూడా అనరాని మాటలన్నా. నువ్వు ఊరు విడిచి పోతే నాకు నిద్ర పట్టదు. ఏం జేయమంటే అది జేస్తా, పోవద్దు," అన్నాను. కొత్త గౌను కుట్టి ఇస్తానని కూడా నోటి దాకా వచ్చింది గానీ మింగేసినాను. ఒక్క మంచి పని చేసినానంటే అదే.

మౌనిక తల పైకెత్తి, "నేను మీకొక పేరు పెట్టొచ్చా ఆంటీ?" అనింది.

"మే! పెద్దోళ్ళతో ఏందా మాటలు?" అని సుజాత గదిమింది. హెడ్ మేడమ్ చటుక్కున కిటికీ వైపు తిరిగినారు. నవ్వుతున్నారో ఏమో, భుజాలు కదులుతున్నాయి.

"పెట్టు తల్లీ," అన్నాను.

నన్ను కింద నించి పై దాకా చూసింది. టేపు చూసింది, సూది చూసింది. చివరికి నా మొహం కాడ ఆగింది.

"కాజా," అనింది.

చొక్కాకు గుండీ పట్టేదానికి చిల్లి కత్తిరించి చుట్టూ దారం కుడతాం గదా, అదీ కాజా. మా కొట్లో తలుపు కాడ నిలబడి అన్నీ చూసి నేర్చుకుంది మరి! ఎందుకు పెట్టినావని అడిగినాను. అడక్కుండా ఉండొచ్చు గదా! ఉండలేను.

"ఎప్పుడూ తెరుచుకోనే ఉంటది ఆంటీ," అనింది.

మేడమ్ ఇటు తిరిగి, "ఈ స్కూల్లో ఇదే ఆఖరి పేరు. ఇంక ఎవరూ ఎవరికీ పెట్టకూడదు," అని తీర్పు చెప్పినారు. టీసీ కోసం రాసిన కాగితం సుజాత చించలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది. అర్ధ సంవత్సర పరీక్షల దాకా చూస్తానని చెప్పిందంట ఆ పిల్ల. ఇప్పుడు వేరే బెంచీలో కూర్చుంటుందంట. మా నస్రీన్ పోయి సారీ చెప్తే 'ఊఁ' అనింది గానీ పక్కన చోటివ్వలేదంట. ఇవ్వకపోవడమే న్యాయం. మా వీధిలో పోయేటప్పుడు నా కొట్టు వైపు ఇంకా చూడదు. నేను మాత్రం మిషన్ ఆపి చూస్తా ఉంటాను.

పేరు మాత్రం శుక్రవారం పొద్దునకే స్కూలంతా పాకింది. సాయంత్రం పిల్లకాయలు కొట్టు ముందర పోతా, "కాజా ఆంటీ! కాజా ఆంటీ!" అని ఒకటే అరుపులు. వాచ్‌మనేమో మా ఆయన పేరు ఖాజా అనుకోని, "ఖాజా భాయ్ బాగుండాడా అక్కా?" అని అడిగినాడు. ఎదురింటి రవణమ్మత్త అయితే బుగ్గలు నొక్కుకోని, "ఎంత ముద్దుగా పిలుస్తుండారే నిన్ను! తియ్యటి మనిషివని పిల్లకాయలకు కూడా తెలిసిపోయిందే!" అనింది. పాకంలో నానబెట్టిన కాజా అనుకుంది పాపం.

నేను కూడా, "అవునత్తా, ఏదో వాళ్ళ అభిమానం," అని తల ఊపినాను. అసలు అర్థం ఈ కాలనీలో ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. శుక్రవారం చెప్పలేదు. శనివారం చెప్పలేదు. ఈ రోజు ఆదివారం, మీరు ఐదుగురు వచ్చి కూర్చున్నారు, టీ ఇంకా సగం గ్లాసు కూడా కాలేదు, మొత్తం చెప్పేసినాను.

చూసినారా? ఆ పిల్ల పెట్టిన పేరు ఎంత సరిగ్గా సరిపోయిందో!