మేకపిల్లకు ఆపని పాలు

సోమ్లీ మొదటి పురుడు పోసింది జై తెలంగాణ కొట్లాట జరిగిన ఏడు. బస్సులు నిలిచిపోయాయి, కురవి దవాఖాన నుంచి నర్సమ్మ రాలేకపోయింది, లంబాడీ తండాలో ఆ పూట చేయి పట్టేవాళ్లు మరెవరూ లేరు. ఆ తర్వాత పదేళ్లకు పైగా తండాలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు ఆమె చేతుల్లోనే పడింది. ఎందరు బతికారని అడిగితే వేళ్లు మడిచి పేర్లతో సహా చెప్పేది. ఎందరు పోయారంటే ఆకువక్క కోసం వెతుక్కునేది.

ఆ పని తల్లి దగ్గర నేర్చుకున్నది. మూడు రోజులదాకా తల్లిపాలు పట్టకూడదు. ఆ పచ్చటి ముర్రుపాలు చెడ్డవి, నేలమీద పిండెయ్యాలి. బిడ్డ నోట్లో ఆముదం చుక్క వేసి, బెల్లంనీళ్లలో ముంచిన గుడ్డ పెట్టాలి. కడుపు జారి విరేచనాలైతే పాలూ నీళ్లూ అన్నీ ఆపెయ్యాలి, పోసినకొద్దీ పోతుంది గనక. ఇదంతా ఆమె ప్రేమతోనే చేసింది. గుక్కపట్టిన బిడ్డను ఒళ్లో వేసుకుని తనూ తిండి మానేసి కూర్చున్న రోజులున్నాయి.

కొడుకు రెడ్యాకు, కోడలు తుల్సీబాయికి పుట్టిన తొలి మగబిడ్డకు ఐదోనాడు కడుపు జారింది. ఎద్దుల జతలో ఒకదాన్ని అమ్మి డోర్నకల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. సెలైన్ సీసా ఎక్కించారు. అప్పటికే వత్తిలా ఎండిపోయిన బిడ్డ తిరుగుదారిలో తల్లి ఒళ్లోనే పోయాడు. ఒంటెద్దుతో దుక్కి సాగదు. రెండోదాన్నీ అమ్మేసి రెడ్యా కురవిలో ఒక ఆసామి దగ్గర జీతానికి కుదిరాడు. ఐదు రోజుల పిల్లవాడి విరేచనాలు ఇంటి సేద్యాన్నే మింగేశాయి.

రెండేళ్లకు ఆడపిల్ల పుట్టింది. మర్నాటి పొద్దున సుశీల నర్సమ్మ సూదులు వేయడానికి తండాకు వచ్చింది. బిడ్డ ఏడుపు అప్పటికే సన్నబడింది. తుల్సీబాయి రవిక పాలతో తడిసి ఉంది. నర్సమ్మ కోప్పడలేదు. వాకిట్లో కొత్తగా ఈనిన మేకను చూస్తూ కూర్చుంది.

"అవ్వా, మేకపిల్ల పుట్టంగనే ఏం జేస్తవ్?"

"ఏం జేస్త? పొదుగు పట్టిస్త."

"మూడొద్దులు ఆపవా?"

"నీకేమన్న ఎర్రా నర్సమ్మా? మొదటి పాలు తాగకుంటే పిల్ల దక్కుతదా? సస్తది గద."

అనేసింది. ఆ మాట తన చెవినే పడ్డాక చూపు మేక మీంచి కోడలి తడిసిన రవిక మీదికి మళ్లింది. తుల్సీబాయి అత్తను అడగకుండానే బిడ్డను ఎత్తి రొమ్ముకు పట్టుకుంది.

ఐదోనాడు ఈ బిడ్డకూ కడుపు జారింది. ఈసారి పాలు ఆపలేదు. నర్సమ్మ చూపించిన కొలతలో కాచిన నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపి చుక్క చుక్కగా నోట్లో పోశారు. మూడో రోజుకు బిడ్డ తేరుకుంది. ఇంట్లోంచి ఏదీ అమ్ముడుపోలేదు.

అయినా సోమ్లీకి కంటికి కునుకు లేదు. మనవరాలు పాలు తాగుతుంటే ఆమెకు పాలందక పోయిన లక్ష్మా కొడుకు, అమర్‌సింగ్ కవలలు, చంద్రి ఇద్దరు ఆడపిల్లలు, తన మనవడు వరసగా గుర్తొచ్చేవారు. సంగతి పసిగట్టిన రెడ్యా తల్లిని ముందే హెచ్చరించాడు. బిడ్డ ఎట్లా బతికిందని ఎవరైనా అడిగితే కురవి వీరన్న దేవుడి దయ అని చెప్పమన్నాడు.

"పాల ముచ్చట ఎత్తకు యాడీ. ఎత్తితే మనల్ని తండాల ఉండనిస్తరా?"

ఆ మాటా నిజమే. అటు చూస్తే చంద్రికి మళ్లీ నెలలు నిండాయి. చెప్తే తన చేతుల మీద పోయిన వాళ్లందరికీ జవాబు చెప్పాలి. చెప్పకపోతే చంద్రి మూడో బిడ్డా పోతుంది. చంద్రికి నొప్పులు మొదలైన పొద్దున సోమ్లీ జ్వరమని గొంగడి కప్పుకుని పడుకుంది. చంద్రి మొగుడు జాల్యా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడినుంచి కదల్లేదు. చివరికి సోమ్లీ లేచి వెళ్లింది.

ఆడపిల్లే. బొడ్డు కోసి, కడిగి ఇచ్చేలోగా చంద్రి అలవాటుగా పాలు నేలమీదికి పిండబోయింది. సోమ్లీ ఆమె మణికట్టు పట్టుకుంది.

"పిండకు. పట్టియ్యి."

"మూడొద్దులు కాలే గద అత్తా."

వీరన్న కలలో చెప్పాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఈ ఒక్క బిడ్డ బతుకుతుంది. రేపు పుట్టేవాళ్లకు మళ్లీ ఆముదమే.

"చంద్రీ, నీ ఇద్దరిని దేవుడు తీస్కపోలే. తెల్వక నేనే ఎండవెట్టిన. గీమెనన్న తాగనియ్యి."

చంద్రి చాలాసేపు ఆమె చేతుల వంకే చూసింది. తర్వాత గోడవైపు తిరిగి బిడ్డను రొమ్ముకు పట్టుకుంది. చప్పరించే చప్పుడు వినిపించేదాకా ఉండి సోమ్లీ బయటికి వచ్చింది. మంత్రసానికి పెట్టే జొన్నలను ఆ ఇంటివాళ్లు చేతికి ఇవ్వలేదు, చేటతో గడప అవతల పెట్టారు.

ఆ రోజు నుంచి చంద్రి ఆమెతో మాట్లాడలేదు. బావి దగ్గర ఎదురైతే బిందె ఎత్తుకుని పక్కకు జరిగేది. చంద్రిని చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా మాటలు మానేశారు. పాలు పిండడం కూడా మానేశారు.

మళ్లీ రెండేళ్లకు జాల్యా అదే గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"చంద్రికి నొప్పులొస్తున్నయ్. నిన్ను పిలువమన్నది."

"నాతోని మాట్లాడుతదా?"

"మాట్లాడది. నువ్వయితే రావాలె."

సోమ్లీ లేచి చేతులు కడుక్కుంది.