చీకటి కోసం వచ్చిన మనవరాలు

“లైటెందుకేసినావు మామ్మా? అరగంట నుంచి సీకట్లో కూకున్నాను. అంతా పోయింది.”

“సీకట్లో కూకుని సదివితే కళ్ళు పోవేటి?”

“సదవడం కాదు. కళ్ళకి సీకటి అలవాటు సేత్తన్నాను.”

“ట్యూబులైటుకే పాడైపోయే కళ్ళు ఇమానానికేటి పనికొత్తాయే?”

నా మనవరాలు ఒళ్ళోని ల్యాప్‌టాప్ మూసేసింది. అనకూడని మాట అన్నానని అప్పుడు తెలిసింది.

ఆమె నా కొడుకు కూతురు, విమానం నడపడం నేర్చుకుంటోంది. కొడుకూ కోడలూ పలాసలో జీడిపప్పు బట్టీ చూసుకుంటూ అక్కడే ఉంటారు. నేను ఉద్దానంలో జీడితోట పక్కన ఒక్కదాన్నే ఉంటాను. నాలుగు రోజుల సెలవు దొరికితే పిల్ల రైలు దిగి తల్లి దగ్గరకైనా వెళ్ళకుండా నేరుగా నా దగ్గరకు వచ్చింది. పొంగిపోయి, దాచుకున్న భావనపాడు ఎండుచేపలన్నీ తీసి వండాను. రెండో రోజు సాయంత్రం తనే చెప్పింది. పలాసలో ఎటు చూసినా వీధిలైట్లేనట, తనకు కావలసినంత చీకటి మా ఊళ్ళోనే ఉందట.

కరెంటు ఖర్చు పెట్టడం నాకూ ఇష్టం లేదు. ఆ లైటు వేసింది ఆమె ముఖం చూద్దామని. ఆ సంగతి చెప్పలేదు.

ల్యాప్‌టాప్ మూశాక మెల్లగా అసలు విషయం బయటపెట్టింది. విమానంలో ముందంతా టీవీల్లాంటి తెరలుంటాయట. పొద్దు ఉండగానే వాటి వెలుగు ఎక్కువగా పెట్టుకుని ఎగిరింది. చీకటి పడ్డాక తగ్గించడం మరిచిపోయింది. ఆ వెలుగంతా ముందద్దంలో పడి, కింద దిగవలసిన దారి దీపాలు కంటికి ఆనలేదు. పక్కన కూర్చున్న గురువు విమానాన్ని తన చేతిలోకి తీసుకుని దించాడు. రాత్రిపూట ఒంటరిగా పంపనన్నాడు. వెళ్ళగానే మళ్ళీ పరీక్ష ఉంది. ఈసారీ తప్పితే ఇక పంపరు.

అభ్యాసం ఎలా చేస్తున్నావో చూపించమన్నాను. లైటు ఆర్పి, ల్యాప్‌టాప్‌లో విమానం తెరలాంటి బొమ్మ పెట్టి, దాని వెలుగు ఒక్కసారిగా అడుక్కి దించేసింది. అంకెలు కనబడక ముక్కు తెరకు ఆనించింది. మళ్ళీ పెంచింది, కళ్ళు చెదిరాయి. రెండు మూడుసార్లు అదే తంతు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, జీడిపిక్కలు రాలే కాలంలో, తెల్లవారకముందే అత్తతో తోటకు వెళ్ళేదాన్ని. జీడిపళ్ళకు ఎలుగుబంట్లు వచ్చేవి. లాంతరు పెద్దది చేస్తే కాళ్ళ దగ్గరి ఆకులు కనబడేవి గానీ పది బారల అవతల ఎలుగుబంటి కనబడేది కాదు. నేను పెంచినప్పుడల్లా అత్త నా చేతిమీద కొట్టేది. కిరసనాయిలు కోసమే అనుకున్నాను చాలాకాలం.

“ఒక్కసారే దించీకు,” అన్నాను. “గుమ్మం కాడ కొంచెం, కళ్ళం కాడ ఇంకొంచెం. కళ్ళు సీకటికి అలవాటు పడతన్న కొద్దీ వొత్తి దించాల. కాళ్ళ కాడ గడ్డి తెలిత్తే సాలు, అంతకన్నా ఎలుగొద్దు.”

పిల్ల ల్యాప్‌టాప్ పట్టుకుని అరుగు మీదకు వచ్చింది. తెర మీద అంకెలు చదువుతూ మధ్యలో తలెత్తి నన్ను వెతుకుతానంది, తోటలోకి వెళ్ళి నిలబడమంది.

“ఎలుగుబంటొత్తే మామ్మా?”

“నన్ను సూసి అదే పారిపోద్ది.”

వెళ్ళి నిలబడ్డాను. మొదటిసారి ఎటో చూపించింది. వెలుగు ఇంకొంచెం దించింది. నేను చోటు మారాను. తెర వెలుగులో ఆమె గడ్డం, ముక్కు కొస మాత్రమే కనబడుతున్నాయి. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ తిరిగిన తోటే, అయినా అక్కడ నిలబడితే నాకు ఎవరూ లేరనిపించింది. రెండోసారి, మూడోసారి సరిగ్గానే చెప్పింది. నాలుగోసారి మాను వెనక్కి తప్పుకుందామనుకున్నాను. కనబడకపోతే మిగిలిన రెండు రోజులూ ఉంటుంది కదా. తప్పుకోలేదు.

“పనసచెట్టుకి ఇటుపక్క ఉన్నావు మామ్మా,” అంది.

మర్నాడు పొద్దున్నే తండ్రికి ఫోన్ చేసింది. పరీక్షకు ముందే వెళ్ళి ఇంకోసారి సాధన చేస్తానంది. ఏడింటికి నా కొడుకు బండి మీద వచ్చి పలాస స్టేషన్‌కు తీసుకెళ్ళాడు. నేను గంప తీసుకుని పిక్కలు ఏరడానికి వెళ్ళాను.