మల్లయ్య ఎవరో తెలియదన్నాను

చాలా ఏళ్లుగా నా గొంతులో ఒక అబద్ధం కూర్చుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. అన్నం తింటాను, దీపం పెడతాను, పెళ్లిళ్లకు పోయి నవ్వుతాను. అది మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవాలని నేను చేసిన ప్రయత్నాలన్నీ చెడిపోయాయి. కొన్ని వేరేవాళ్లు చెడగొట్టారు. ఎక్కువ నేనే చెడగొట్టుకున్నాను. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంతకు మించిన ధైర్యం నా దగ్గర లేదు.

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించారు. పొద్దున దీపం పెట్టినప్పుడు దేవుణ్ణి ఏమీ అడగొద్దని, మనకు మేలు చేసినవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుని, వాళ్లు చల్లగా ఉండాలని మాత్రం దండం పెట్టాలని నేర్పిందీ ఆయనే. నీళ్లు తోడిచ్చిన పక్కింటామె దగ్గర్నుంచి పురుడు పోసిన మంత్రసాని దాకా అందరూ నా దండంలోకి వస్తారు. మేలు మరిచిపోయిన మనిషిని కాను నేను. అదే నాకు కోపం తెప్పిస్తుంది. మరిచిపోయే మనిషినైతే ఈ పాటికి హాయిగా ఉండేదాన్ని కదా?

నా భర్త అసలు పేరు మల్లయ్య. గనిలో ఆయన పేరు రాజయ్య. ఇవి రెండూ కూడా నేను మార్చి రాస్తున్న పేర్లే. తప్పు ఒప్పుకునే చోట కూడా మారుపేర్లే వాడుకోవాల్సి వచ్చింది, చూడండి మా బతుకు.

అసలు రాజయ్య మా ఆయన పెదనాన్న కొడుకు. బొగ్గుగనిలో ఉద్యోగం వచ్చింది అతనికి. మొదటిరోజు లోపలికి దిగి, ఆ చీకటి చూసి, ఆ నీటి చప్పుడు విని, పైకి వచ్చి మళ్లీ ఆ దిక్కు చూడలేదు. ఎటో వెళ్లిపోయాడు. వచ్చిన కొలువు ఎందుకు పోగొట్టుకోవాలని ఇంట్లో పెద్దలు మా ఆయనను అతని పేరుతో దింపారు. అప్పట్లో గోదావరిఖని చుట్టుపక్కల ఇది వింతేమీ కాదు. మా వాడలోనే అట్లాంటివాళ్లు ఉన్నారు. ఎవరి సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ పొయ్యి ఎట్లా అలకాలో చెప్పకముందే ఈ మాట చెప్పింది: ఎవరొచ్చి మల్లయ్య అని అడిగినా, ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరని చెప్పాలి.

చెప్పీ చెప్పీ అది నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

పట్నాన్ని ఆనుకుని ఉన్న పల్లెలో మా మామయ్య ఒక చిన్న ఇల్లు కొన్నారు. కాగితం మల్లయ్య పేరునే రాయించారు. ఇల్లైనా కొడుకు సొంత పేరు మీద ఉండాలని ఆ ముసలాయన పట్టు. ఇల్లు ఒక పేరు మీద, జీతం ఒక పేరు మీద. చాలాకాలం ఏ బాధా లేకుండా గడిచిపోయింది.

ఎనభైలలో మా నాన్నకు కడుపులో గడ్డ అన్నారు. హైదరాబాదు తీసుకుపోయి కోయాలన్నారు. కంపెనీ దవాఖానలో భార్యాపిల్లలకు చూస్తారు గాని మామగారికి ఎందుకు చూస్తారు? నేను నోరు తెరిచి అడగలేదు. మా ఆయనే అన్నారు, ఇల్లు తాకట్టు పెడదామని. నా తండ్రి కోసం తన తండ్రి ఇచ్చిన ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి ఆయన. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. నన్ను సమర్థించుకోవడానికి కాదు. కాదనే అనుకుంటున్నాను. నిజంగా కాదా? ఏమో.

సహకార బ్యాంకువాళ్లు, ఈ ఇల్లు ఈ మల్లయ్యదేనని ఊరి పెద్ద ఎవరైనా పూచీ పడాలన్నారు. ఊళ్లో అందరికీ ఆయన రాజయ్య. ఎవరిని అడుగుతాం? చివరికి సర్పంచ్ దగ్గరికి పోయాం. ఆయనను ఖాదర్ కాక అనేవాళ్లం. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉండేది. సర్పంచ్ అయ్యాక కూడా చేతులకు ఆ నల్లటి వార్నిష్ మరకలు పోలేదు. మా ఆయన భయపడుతూ సంగతంతా చెబితే ఆయన పెద్దగా నవ్వాడు. "అరే, గింతేనా? నా దుకాణంల మోటార్లకు పైన కంపెనీ పేరొకటి, లోపట వైరొకటి. తిరుగుతె సాలు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నాయినను జల్ది తోలుకపో" అన్నాడు. మరునాడు దుకాణం మూసి మాతోపాటు బ్యాంకుకు వచ్చాడు. ఈయనే మల్లయ్య అని చెప్పి పూచీ పడ్డాడు. మా ఇంటికి వచ్చినప్పుడు చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు.

మా నాన్న బతికారు. ఆ తర్వాత చాలాకాలం బతికారు. నా దండంలో ఖాదర్ కాక పేరు అందరికన్నా ముందుకు వచ్చింది.

తర్వాత గనుల్లో సమ్మె వచ్చింది. జీతం లేదు. బ్యాంకు కిస్తీలు ఆగిపోయాయి. ఒకరోజు నేను వాకిట్లో బియ్యం ఏరుతుంటే సైకిల్ మీద ఒక కొత్త మనిషి వచ్చి, "మల్లయ్య ఇల్లు ఇదేనా?" అన్నాడు.

"ఆ పేరుగలోళ్లు ఈడ ఎవ్వల్లేరు" అన్నాను.

చేట మీద నుంచి తల కూడా ఎత్తలేదు. అతను పక్కింట్లో అడిగాడు. ఇది రాజయ్య ఇల్లని వాళ్లు చెప్పారు. అతను బ్యాంకు మనిషి అయి ఉంటాడని నాకు తట్టేసరికి సైకిల్ ఇంకా సందు మలుపు తిరగలేదు. పిలవొచ్చు. కేక వేస్తే వినపడే దూరం. కానీ పక్కింటివాళ్లు చూస్తున్నారు. వాళ్ల ముందు ఏమని పిలుస్తాను? చేటలో మట్టిగడ్డలు వెతుకుతూ కూర్చున్నాను.

అంతే, మల్లయ్య అనేవాడే లేడన్న మాటకు రెక్కలొచ్చాయి. పంచాయతీ ఎన్నికలో ఖాదర్ కాక మీద ఓడిపోయిన మనిషి ఒకడున్నాడు. సర్పంచ్ లేని మనిషిని పుట్టించాడని, ఎవరిదో ఇల్లు వాళ్లకు తెలియకుండానే తాకట్టు పెట్టి బ్యాంకు సొమ్ము మింగాడని పై అధికారులకు ఫిర్యాదు పెట్టాడు. చాయ్ హోటళ్లలో ఇదే మాట. లోను ఇచ్చినప్పటి మేనేజరు అప్పటికే బదిలీ మీద పోయాడు. మా ఆయనను మల్లయ్యగా చూసినవాళ్లు మేము, ఖాదర్ కాక తప్ప ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

విచారణకు ఇంటివాళ్లు రావాలని కబురొచ్చింది. మా ఆయన ఆ రోజు డ్యూటీకి తయారయ్యారు. చెప్పులు వేసుకుంటూ, నా మొహం చూడకుండా, "నువ్వు పో. నేనొస్తె నా నోట్లకెళ్లి ఏదొస్తదో నాకే తెల్వది" అన్నారు. ఏం చెప్పాలో చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పాపంలో సగం ఆయనకు పోయేది. ఆ సంగతి ఆయనకు కూడా తెలుసనుకుంటాను.

పంచాయతీ ఆఫీసు ముందు ఎండ మండిపోతోంది. జనం ఆడామగా తేడా లేకుండా వచ్చారు. వరండాలో అధికారి, పక్కన కుర్చీలో ఖాదర్ కాక. నన్ను చూసి తలూపాడు. ఆయన మొహంలో భయం లేదు. ఇంటామె వచ్చింది, ఇక తేలిపోతుంది అనుకున్నాడేమో.

"ఏమ్మా, మీ ఆయన పేరేంది?" అన్నాడు అధికారి.

మా ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. నేను తల వంచుకున్నాను. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. పక్కింటి లచ్చవ్వ, "ఆమె చెప్పది సార్. నేను చెప్త, రాజయ్య" అంది.

"నువ్వు కాదు. ఆమెనే చెప్పాలె."

"చెప్పు వదినా" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "పేరు చెప్తె మొగడు అరిగిపోతడా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య దేవుడు నాకొక తలుపు తెరిచిపెట్టాడు. నేను ఏమీ మాట్లాడకుండా నిలబడితే చాలు. పద్ధతిగల ఆడది, భర్త పేరు చెప్పదు అని అందరూ ఊరుకునేవాళ్లు. ఆయనను పిలిపించండి అనేవాళ్లు. నిజం చెప్పకపోయినా, అబద్ధం చెప్పే పని తప్పేది.

"రాజయ్య సార్" అన్నాను.

"అవ్వో, చెప్పనే చెప్పింది!" అంది లచ్చవ్వ.

ఎంత సులువుగా వచ్చిందో ఆ పేరు. ఎందుకు రాదు? అది నా భర్త పేరు కాదు కదా. పద్ధతి తప్పలేదు నేను. ధర్మం తప్పాను.

"మరి మల్లయ్య ఎవరు?"

"నాకెరుక లేదు సార్."

"తాకట్టు సంగతి సర్పంచ్ మీతోని ఎన్నడన్న మాట్లాడిండా? మీ ఇంటికొచ్చిండా?"

"రాలేదు సార్."

ఆ చివరి అబద్ధం అవసరం కూడా లేదు. ఈనాటికీ నాకు అర్థం కానిది అదే. మొదటి రెండూ ఉద్యోగం కోసం. మూడోది దేనికోసం? వచ్చాడు, మా గడపలో కూర్చుని చాయ్ తాగాడు అంటే ఏం పోయేది? నోరు ఒకసారి ఆ దారి పట్టాక అట్లాగే నడుచుకుంటూ పోయింది.

అధికారి ఖాదర్ కాకను, మీరేమైనా చెబుతారా అని అడిగాడు. ఒక్కమాట చాలు ఆయనకు. రాజయ్యే మల్లయ్య అంటే ఆయన బయటపడతాడు, మేము మునిగిపోతాం. ఆయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

"ఆమెను ఇడిసిపెట్టుండ్రి సార్. ఎండకు మొఖమెట్లయిందో చూడుండ్రి" అన్నాడు. "ఇంటికి పో బిడ్డా."

పదవి పోయింది. దుకాణం అమ్మి మా తాకట్టు ఆయనే విడిపించాడు, కేసు ముందుకు పోకుండా. మా ఇల్లు మాకు మిగిలింది. 'దొంగ తాకట్టు సర్పంచ్' అన్న పేరు ఆయనకు మిగిలింది. బెల్లంపల్లిలో వేరేవాళ్ల దుకాణంలో పనికి కుదిరాడని విన్నాం. ఆ సొమ్ము మా ఆయన కొంత కొంతగా తీర్చారు. సొమ్ము తిరిగిపోతుంది. పేరు ఎట్లా తిరిగి ఇస్తాం?

ఒకసారి బెల్లంపల్లి పోయాను, చెప్పుకుందామని. నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఆయన ఏదో ఒకటి అడిగాడు. నాయిన ఎట్లున్నడు, పిల్లలు ఏం చదువుతున్నరు, ఎండలు గోదావరిఖనిలో ఎక్కువా ఈడ ఎక్కువా. సోడా తెప్పించాడు. బస్సు ఎక్కించాడు. క్షమించమన్న మాట అట్లాగే వెనక్కి తెచ్చుకున్నాను. ఆయన కావాలనే చెప్పనివ్వలేదా? నేను వినపడేట్టు మొదలుపెట్టలేదా? ఇంటికి వచ్చి మా ఆయన మీద గిన్నెలు విసిరాను, ఏ కారణమూ చెప్పకుండా. ఆయన ఏరి, కడిగి, బోర్లించారు.

తొంభైలలో ఖాదర్ కాక పోయారు. మాకు ఆలస్యంగా తెలిసింది. అప్పుడు మళ్లీ పోయాను. చాచీ, అంటే ఆయన భార్య, నన్ను లోపల కూర్చోబెట్టింది. ఎవరూ వినకూడదని నేనే లేచి తలుపు దగ్గరికి వేశాను. అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు.

"ఆ దినం ఊరంత ఇంటుంటె చెప్పినవ్" అంది. "ఇయ్యాల తలుపేసుకొని నా ఒక్కదాని చెవుల ఏస్తున్నవా? నాకు ఎరుకనే బేటీ. ఆయన ఇంటికొచ్చిన నాడే చెప్పిండు. ఎరుక లేనోళ్లకు పోయి చెప్పు."

లేచి తలుపు తీసింది. అంతే.

మా ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు, ఆ పేరుతోనే. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఊళ్లో చెబుదామంటే, పింఛను ఆపుతారంటారు. ఎప్పటికీ ఏదో ఒకటి అడ్డం. విసుగొస్తుంది నాకు. ఆయన మీద, నా మీద, ఆ దీపం మీద కూడా. ఖాదర్ కాక పేరు తలుచుకోకుండా దండం పెడితే కృతఘ్నురాలిని. తలుచుకుంటే అబద్ధాలకోరును. రెండిట్లో ఏది తక్కువ పాపమో ఏ పూజారిని అడగను?

ఊరిపేరు, మనుషుల పేర్లు దాచి చెప్పడం సగం చెప్పడమేనని నాకు తెలుసు. చాచీ చెప్పమన్నది ఇట్లా కాదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. అయినా రాస్తుంటే గొంతు కొంచెం సడలింది. అంతవరకు నిజం.

మల్లయ్య ఉన్నాడు. ఆ ఇల్లు ఆయనదే. తాకట్టు పెట్టింది మేము, వాడుకున్నది మేము. సర్పంచ్ అందులో పైసా ముట్టలేదు. ఈ సంగతి ఇన్నాళ్లూ తెలియనివాళ్లలో మీరొకరు. ఇప్పుడు మీకు తెలుసు.